గుంపు వచ్చేదాకా ఆగండి

శ్రోతలకు నమస్కారం.

అడవికి వెళ్ళొచ్చినవాళ్ళు తరచూ చెప్పే మాట ఒకటుంది. "అంత పెద్ద అడవండీ, పొద్దున్నుంచీ నడిచాం, ఒక్క పిట్ట కనపడితే ఒట్టు!" వాళ్ళు అబద్ధం చెప్పడంలేదు. చెరువుగట్టున నిలబడితే కొంగలూ బాతులూ కళ్ళెదుటే ఉంటాయి. ఏడాది పొడుగునా వానలు కురిసే పల్లపు అడవుల్లో అలా కుదరదు. ఎంతసేపు నడిచినా ఒక్కోసారి ఆకు కదలదు. ఉన్నట్టుండి ఒకచోట, రెండు మూడు చెట్ల మధ్యనే, పది రకాల పక్షులు. కాసేపు సందడి. మళ్ళీ ఏమీ లేదు. ఎందుకిలా? ఈ పూట ఈ ఒక్క సంగతే చెప్తాను.

శ్రీలంకకు నైరుతి మూలన సింహరాజ అని ఒక అడవి ఉంది. ఆ దేశంలో మిగిలిన పల్లపు వానడవుల్లో పెద్దది. 1970లలో ప్లైవుడ్ కోసం అక్కడ చెట్లు కొట్టారు, జనం ఊరుకోకపోతే ఆపారు. 1988లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. చరిత్ర ఇంతటితో చాలు, పక్షుల దగ్గరికి వద్దాం.

ఆ అడవిలో పక్షులు చాలావరకు ఒంటరిగా తిరగవు. గుంపు కట్టి తిరుగుతాయి. ఒకే జాతి గుంపు కాదు, రకరకాల జాతులు కలిసిన గుంపు. శరత్ కొటగమ అనే శ్రీలంక పక్షి శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు 1981 నుంచి ఈ గుంపుల వెంట తిరిగి లెక్కలు రాశారు. గుంపుకు సగటున 40 పక్షులు, పదికి పైగా జాతులు! మనం నడిచిన దారిలో గుంపు లేకపోతే అడవంతా ఖాళీగా ఉన్నట్టే అనిపిస్తుంది. అదీ సంగతి.

ఈ గుంపుకు ఇద్దరు పెద్దలు. ఒకటి, నారింజరంగు ముక్కున్న బాబ్లర్. మన పల్లెల్లో కంచెల కింద ఆరేడు కలిసి ఎండుటాకులు తిరగేస్తూ గోల చేస్తుంటాయే, ఆ పిట్టల చుట్టమే ఇది. గోల కూడా అదే గోల. రెండోది, నల్లగా నిగనిగలాడుతూ, నెత్తిన చిన్న కుచ్చుతో, చీలిన తోకతో ఉండే డ్రాంగో. మన పసులపోలిగాడికి దగ్గరి బంధువు.

పసులపోలిగాణ్ణి చూసే ఉంటారు. మేస్తున్న గేదె వీపెక్కి కూర్చుంటుంది. గేదె కాళ్ళకింద గడ్డి కదిలి మిడత ఎగిరితే చాలు, రివ్వున దూకి పట్టుకుంటుంది. సింహరాజ అడవిలో గేదెలు లేవు కదా, ఆ గేదె పని బాబ్లర్లు చేస్తాయి. అవి ఆకులూ కొమ్మలూ కుదుపుకుంటూ పోతుంటే పురుగులు లేస్తాయి. పై కొమ్మన కూర్చున్న డ్రాంగో వాటిని గాల్లోనే అందుకుంటుంది. మరి బాబ్లర్లకు ఏం లాభం? కాపలా. డేగ వస్తే కనిపెట్టడంలో డ్రాంగో దిట్ట. అది ఒక్క కేక పెడితే గుంపంతా బిగుసుకుపోతుంది. బాబ్లర్లూ కేకలు పెడతాయి, కానీ అవి ఊరికే కంగారుపడే రకం, ఉత్తుత్తి కేకలు ఎక్కువ. డ్రాంగో కేక అంటే నమ్మొచ్చు.

ఇంకో విశేషం ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. డ్రాంగో మంచి మిమిక్రీ కళాకారుడు. గుంపులోని మిగతా పక్షుల కూతలు కూస్తుంది. ప్రమాదం వచ్చినప్పుడు ఆ పక్షులు పెట్టే కేకల్ని కూడా అనుకరిస్తుంది. ఈ కూతల్ని పరిశోధకులు రికార్డు చేసి అడవిలో స్పీకర్లలో వినిపించారు. అనుకరణ ఉన్న కూతలకు వచ్చినన్ని పక్షులు, అనుకరణ లేనివాటికి రాలేదు. అంటే గుంపును పోగేయడంలో ఆ మిమిక్రీ పనికొస్తోంది. తెలిసే పిలుస్తోందా, అలవాటుకొద్దీ కూస్తోందా అన్నది పండితులు తేల్చుకోవాలి. నన్నడిగితే మాత్రం అది గడుసుపిట్టే.

అందుకే ఆ అడవిలో ముందు పని చెవిది. దీపాల్ వారకగొడ అనే పక్షి పరిశోధకుడు 1995లో శ్రీలంకలోనే ఉన్న కితుల్‌గల అడవిలో తెలియని గుడ్లగూబ కూత ఒకటి విన్నారు. ఆ పక్షి ఆయన కంటపడింది 2001లో, ఈ సింహరాజలోనే. సైన్సుకు అది అప్పటిదాకా తెలియని జాతి. విన్నది ముందు, చూసింది ఆరేళ్ళ తర్వాత.

సరే, మనమేం చేయాలి? నడక తగ్గించండి. దారి కాస్త విశాలమై, ఆకాశం కనిపించేచోట ఆగండి. ఆగి వినండి. బాబ్లర్ల గోల దగ్గరికి వస్తోందంటే గుంపు వస్తున్నట్టే. అప్పుడు టెన్షన్‌లో బైనాక్యులర్స్ ఎత్తకండి. ముందు ఉత్త కళ్ళతో కదలిక పట్టుకోండి. ఒక్క పక్షిని ఎంచుకుని, దాని మీంచి చూపు తిప్పకుండా బైనాక్యులర్స్‌ని కళ్ళ దగ్గరికి తెచ్చుకోండి. అన్నిటినీ చూడాలనుకుంటే ఒక్కటీ దక్కదు. గుంపు దాటిపోయాక కూడా కాసేపు అక్కడే ఆగండి. మలబార్ ట్రోగన్ అని ఒకటుంది, మగదానికి పొట్ట ఎర్రగా మెరుస్తుంది. కానీ మనల్ని చూస్తే గోధుమరంగు వీపు ఇటు తిప్పి, కదలకుండా కూర్చుంటుంది. హడావిడి తగ్గాకే అది కంటికి ఆనుతుంది.

ఇందుకోసం శ్రీలంకదాకా పోనక్కర్లేదు. మారేడుమిల్లి అడవుల్లోనూ ఇలాంటి గుంపులు తిరుగుతాయి. అక్కడి డ్రాంగో తోకకు తీగల్లాంటి రెండు ఈకలు వేలాడుతుంటాయి, చివర చిన్న ఆకు అతికించినట్టు ఉంటుంది. అదీ మిమిక్రీలో తీసిపోదు. తెల్లవారగానే వెళ్ళండి. ఫోన్లో పక్షుల కూతలు పెట్టి వాటిని పిలవకండి, తిండి మానుకుని వచ్చి వెతుక్కుంటాయి పాపం. కొత్తగా బైనాక్యులర్స్ కొనేవాళ్ళు 10 రెట్లు పెద్దగా చూపించేది కాకుండా 8 రెట్లది అడగండి. దట్టమైన అడవిలో ఎంత పెద్దగా కనిపించిందన్నదానికన్నా ఎంత వెడల్పు కనిపించిందన్నదే ముఖ్యం. చేతి వణుకు కూడా అందులో తక్కువ తెలుస్తుంది.

నమస్కారం.