జెడ్/వీఎంలో గెస్ట్‌ల మధ్య రూటింగ్: పింగ్ వెళ్తోంది, జవాబు రావడం లేదు

(తెర మీద: రాత్రి, మారతహళ్ళిలో చిన్న గది. బల్ల మీద ల్యాప్‌టాప్, నల్లటి టెర్మినల్.)

అందరికీ నమస్కారం. బెంగళూరు వచ్చి మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టులో చేరిన కొత్తల్లో, ఒక నైట్ షిఫ్ట్‌లో నాకు చాలా టెన్షన్ పెట్టిన సమస్య ఇది. యాప్ గెస్ట్ నుంచి డేటాబేస్ గెస్ట్‌కి పింగ్ ("ఉన్నావా?" అని అడిగే చిన్న ప్యాకెట్) కొడితే ఒక్క జవాబూ రాదు. కమాండ్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇవాళ అదే సెటప్‌ని మొదటి నుంచి కడదాం.

జెడ్/వీఎం అంటే ఒకే మెయిన్‌ఫ్రేమ్ మీద వందల లినక్స్‌లను గెస్ట్‌లుగా, అంటే విడివిడి వర్చువల్ మెషీన్లుగా, నడిపించే హైపర్‌వైజర్. దీని మూలం 1972లో వచ్చిన వీఎం/370. ఒకప్పుడు గెస్ట్‌లను కలపాలంటే ఐయూసీవీ, వర్చువల్ సీటీసీ అనే నేరు లింకులు వాడేవారు. ఇద్దరిద్దరికీ విడిగా ఒక లింకు. గెస్ట్‌లు పెరిగేకొద్దీ అది నిభాయించడం కష్టం. 2001లో జెడ్/వీఎం 4.2తో గెస్ట్ ల్యాన్ (వర్చువల్ నెట్‌వర్క్), 2003లో 4.4తో వీస్విచ్ (వర్చువల్ స్విచ్) వచ్చాక పని తేలికైంది.

ముందే ఒక మాట. గెస్ట్‌లు మాట్లాడుకుంటే చాలు అనుకుంటే అన్నిటినీ ఒకే వీస్విచ్‌కి కలపండి, రూటర్ పెట్టకండి. రూటర్ గెస్ట్ ఉంటే ప్రతి ప్యాకెట్‌కీ ఆ గెస్ట్ సీపీయూ ఖర్చవుతుంది. రెండు నెట్‌వర్కులు వేరుగా ఉండాలి, మధ్యలో ఫైర్‌వాల్ కావాలి అన్నప్పుడే ఈ దారి.

(తెర మీద: మూడు గడులు. ఎడమ యాప్1, 10.20.1.10. కుడి డీబీ1, 10.20.2.20. మధ్య రూటర్1, రెండు వైపులా .1)

మొదట సీపీలో (జెడ్/వీఎం కంట్రోల్ ప్రోగ్రామ్‌లో) రెండు వీస్విచ్‌లు, ల్యాన్‌ఏ, ల్యాన్‌బీ. డిఫైన్ వీస్విచ్‌తో రెండూ ఎథర్నెట్ మోడ్‌లో. బయటి నెట్‌వర్క్‌తో పని లేదు కాబట్టి ఓఎస్‌ఏ కార్డు (మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డు) తగిలించడం లేదు. ఎథర్నెట్ మోడ్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, మాక్ అడ్రస్ చూసి ప్యాకెట్ అందించే మామూలు స్విచ్‌లాగే ఇది నడుస్తుంది. రూటింగ్ నేర్చుకునేవాళ్ళకి అదే హాయి.

తరవాత అనుమతి. సెట్ వీస్విచ్ గ్రాంట్‌తో ఏ గెస్ట్ ఏ స్విచ్‌కి తగులుకోవచ్చో చెప్పాలి. ఇది మరచిపోతే గెస్ట్‌ని స్విచ్‌కి తగిలించే కపుల్ కమాండ్ తిరస్కరిస్తుంది. ఆ ఎర్రర్ కనబడగానే కేబుల్ కోసం వెతకకండి, గ్రాంట్ చూడండి.

ఇప్పుడు రూటర్1లో రెండు ఎన్‌ఐసీలు (వర్చువల్ నెట్‌వర్క్ కార్డులు). మొదటిదాని అడ్రస్ 600. రెండోది 601 అనుకుంటారు చాలామంది, కుదరదు. క్యూడీఐఓ రకం ఎన్‌ఐసీ ఒక్కటే వరసగా మూడు అడ్రస్‌లు తీసుకుంటుంది: 600 చదవడానికి, 601 రాయడానికి, 602 డేటాకి. అందుకని రెండోదానికి 700 ఇద్దాం. కపుల్ 600 టు సిస్టమ్ ల్యాన్‌ఏ, కపుల్ 700 టు సిస్టమ్ ల్యాన్‌బీ. లినక్స్‌లో సీహెచ్‌జెడ్‌డెవ్ కమాండ్‌తో వాటిని ఆన్ చేసి, ఐపీలు ఇచ్చి, ఐపీ ఫార్వర్డ్‌ని 1 చేయాలి. అది 0 ఉంటే రూటర్ తనవి కాని ప్యాకెట్లను పక్కన పడేస్తుంది.

యాప్1లో రూట్: 10.20.2.0/24కి దారి 10.20.1.1. పింగ్ కొడదాం.

(తెర మీద: కర్సర్ మెరుస్తోంది. జవాబు లేదు.)

ఆ రాత్రి నేను ఇక్కడే ఆగిపోయాను. వీస్విచ్ చూశాను, గ్రాంట్ చూశాను, మళ్ళీ కపుల్ చేశాను. చివరికి మా సీనియర్ అన్న వచ్చి, "రూటర్‌లో 700 వైపు టీసీపీడంప్ పెట్టు తమ్ముడూ" అన్నాడు. వచ్చీపోయే ప్యాకెట్లను చూపించే టూల్ అది. పెట్టాను.

(తెర మీద: ఎకో రిక్వెస్ట్, ఎకో రిక్వెస్ట్, ఎకో రిక్వెస్ట్. రిప్లై ఒక్కటీ లేదు.)

చూడండి, ఎకో రిక్వెస్ట్, అంటే మన పింగ్, రూటర్ దాటి డీబీ1 వైపు వెళ్తోంది. వెనక్కి వచ్చే జాడే లేదు. డీబీ1లో "ఐపీ రూట్ గెట్ 10.20.1.10" కొడితే విషయం బయటపడింది. దానికి ఇంకో ఎన్‌ఐసీ, దాని మీద డీఫాల్ట్ గేట్‌వే ఉన్నాయి. జవాబు అటు వెళ్ళిపోతోంది. ఊరికి బయల్దేరేటప్పుడు మనవాళ్ళు "వెళ్తాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. ప్యాకెట్‌కి నేను వెళ్ళడమే నేర్పాను, రావడం నేర్పలేదు.

డీబీ1లో ఒక్క లైన్: 10.20.1.0/24కి దారి 10.20.2.1.

(తెర మీద: జవాబులు వరసగా వస్తున్నాయి.)

మీ డీబీ1లో ఆర్‌పీ ఫిల్టర్ (ప్యాకెట్ సరైన వైపు నుంచే వచ్చిందా అని చూసే కెర్నల్ సెట్టింగ్) 1 ఉంటే కథ కాస్త వేరు. వచ్చిన రిక్వెస్ట్‌కి వెనక్కి దారి ఇంకో వైపు కనిపిస్తే కెర్నల్ దాన్నే పారేస్తుంది, జవాబు పుట్టదు కూడా. మందు మాత్రం అదే రూట్ లైన్.

ఇక ఇవన్నీ నిలవాలి. సీపీలో చేతితో చేసినవి జెడ్/వీఎం తర్వాతి ఐపీఎల్‌తో (రీబూట్‌తో) పోతాయి. వీస్విచ్‌లు, గ్రాంట్‌లు సిస్టమ్ కాన్ఫిగ్‌లో డిఫైన్, మాడిఫై లైన్లుగా రాయండి. ఎన్‌ఐసీలు యూజర్ డైరెక్టరీలో ఎన్‌ఐసీడెఫ్ లైన్లుగా. ఐపీ ఫార్వర్డ్, రూట్లు లినక్స్ ఫైళ్ళలో. ఎన్‌ఐసీడెఫ్ పనిచేసేది గెస్ట్ మళ్ళీ లాగాన్ అయినప్పుడే. కాబట్టి మూడు గెస్ట్‌లనూ లాగాఫ్ చేసి, మళ్ళీ లేపి, పింగ్ రెండు వైపుల నుంచీ కొట్టండి: యాప్1 నుంచి డీబీ1కి, డీబీ1 నుంచి యాప్1కి.