చికుంద: తుపాకీ పట్టిన బానిసలు ఒక జాతిగా మారిన కథ

[తెరపై: జాంబేజీ నది మ్యాపు. జుంబో దగ్గర చుక్క]

మొజాంబిక్, జాంబియా, జింబాబ్వే సరిహద్దులు కలిసే చోట చికుంద అనే జనం ఉంటారు. నాలుగు వందల ఏళ్ల కిందట ఈ జాతే లేదు. వీళ్ల పూర్వీకులు బానిసలు. పొలాల్లో చాకిరీ చేసినవాళ్లు కాదు, ఆయుధాలు పట్టినవాళ్లు.

17వ శతాబ్దం నుంచి పోర్చుగల్ ప్రభుత్వం జాంబేజీ లోయలో 'ప్రాజో' అనే జాగీర్లు ఇస్తూ వచ్చింది. ఒక్కో జాగీరు మూడు తరాల పాటు చెల్లేది, వారసత్వం ఆడవాళ్లకు దక్కేలా నియమం పెట్టారు. జాగీర్దారుల్లో గోవా మూలాలున్న కుటుంబాలూ ఉండేవి. 1752 దాకా మొజాంబిక్ పాలన గోవా నుంచే సాగింది మరి! ఊళ్లలో శిస్తు వసూలుకు, పారిపోయే రైతుల్ని పట్టి తేవడానికి, ఏనుగుల వేటకు, దూరప్రాంతాల వ్యాపారానికి ఈ బానిస సైనికులే ఆధారం.

[తెరపై: పడవలు, ఏనుగు దంతాల మోపులు]

నన్ను బాగా ఆలోచింపజేసేది వీళ్లు కలిసిపోయిన తీరు. సేనా, చేవా, న్సెంగా, టావారా... ఎవరి తెగ వాళ్లది, ఎవరి భాష వాళ్లది. కొందరు యుద్ధాల్లో పట్టుబడ్డారు, కొందరు కరువులో తిండి కోసం తమను తామే అమ్ముకున్నారు. అలాంటివాళ్లు ముఖాన ఒకే తరహా గుర్తులు వేయించుకున్నారు. తల్లి వంశం లెక్కించే తెగల నుంచి వచ్చినవాళ్లు కూడా తండ్రి వంశమే లెక్కించసాగారు. వేటను గౌరవంగా చూశారు, సేద్యాన్ని ఆడవాళ్లకు వదిలేశారు. వాళ్ల మాటలన్నీ కలిసి, పోర్చుగీసు పదాలు కూడా చేరి, చికుంద భాష రూపుదిద్దుకుంది. బతుకే తమ చేతుల్లో లేనివాళ్లు ఒక భాషను నిలబెట్టుకోవడం చిన్న విషయం కాదు.

19వ శతాబ్దంలో బ్రెజిల్‌కు బానిసల ఎగుమతి పెరిగింది. అత్యాశకు పోయిన జాగీర్దారులు తమ కాపలాదారుల్నే అమ్మబోయారు. తిరుగుబాట్లు లేచాయి, వేలమంది పారిపోయారు, జాగీర్లు కూలిపోయాయి.

తర్వాతి కథ చెప్పడం కష్టం, కానీ దాటవేయకూడదు. స్వేచ్ఛ దొరికాక కొందరు వేటగాళ్లుగా, వర్తకులుగా స్థిరపడ్డారు. కన్యెంబా, మాతాకెన్యా వంటి నాయకుల వెంట నడిచినవాళ్లు మాత్రం పైలోయ ఊళ్ల మీద పడి మనుషుల్ని పట్టి అమ్మారు. జింబాబ్వే సరిహద్దులో ఒక ప్రాంతానికి ఇప్పటికీ కన్యెంబా పేరే ఉంది.

[తెరపై: కన్యెంబా ప్రాంతం మ్యాపు]

ఆ ప్రాంతంలో చికుంద మాట్లాడేవాళ్లు ఇప్పుడూ ఉన్నారు. 2013 నాటి జింబాబ్వే రాజ్యాంగం 16 భాషలను గుర్తించింది. వాటిలో చికుంద లేదు. నది అవతల జాంబియా బడుల్లో వాడే ఏడు ప్రాంతీయ భాషల్లోనూ దానికి చోటు దక్కలేదు. ఇది అన్యాయమనే నేను అనుకుంటాను.