బంతి లేనివాడు గీసే త్రిభుజం

అందరికీ నమస్కారం.

ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. భయపడకండి, భాగహారం దాటి వెళ్లం. ఫుట్‌బాల్ మ్యాచ్ 90 నిమిషాలు. అందులో బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు గంట. మిగిలిన టైమంతా త్రో-ఇన్‌లకు, ఫ్రీకిక్‌లకు, కాలు పట్టుకుని గడ్డిలో దొర్లడానికి, రిఫరీని చుట్టుముట్టి వాదించడానికి పోతుంది. ఆ గంటను 22 మందికి సమానంగా పంచి చూడండి. తలా మూడు నిమిషాలు కూడా రావు.

మరి మిగతా 87 నిమిషాలు ఆటగాడు ఏం చేస్తున్నట్టు? ఈ ప్రశ్న మనకు మామూలుగా తట్టదు. మన కళ్లు బంతి వెంటే పరిగెడతాయి, టీవీ కెమెరా కూడా అంతే. నేను ఇవాళ మాట్లాడేది ఆ 87 నిమిషాల గురించి. పాస్ ఇచ్చేది బంతి ఉన్నవాడే. కానీ ఆ పాస్ వెళ్లే గీతను గీసేది బంతి లేనివాడు. మైదానంలో రేఖాగణితం అంటూ ఏదైనా ఉంటే, అది అతని కాళ్లలో ఉంది.

ముందు ఇద్దరిని తీసుకుందాం. ఇద్దరి మధ్య ఉండేది ఒక్క గీత. ఆ గీత మీద డిఫెండర్ కాలు పెట్టాడంటే కథ కంచికి. ఇప్పుడు మూడో మనిషి వచ్చి పక్కకు నిలబడ్డాడు. బంతి ఉన్నవాడికి ఒకేసారి రెండు దారులు తెరుచుకున్నాయి. డిఫెండర్‌కు మాత్రం ఉన్నది ఒక్క శరీరమే. అటు మూస్తే ఇటు తెరుచుకుంటుంది, ఇటు మూస్తే అటు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్న సామెతకు బొమ్మ గీయమంటే నేను త్రిభుజం గీసి, మధ్యలో ఒక డిఫెండర్‌ని నిలబెడతాను.

అయితే ముగ్గురు ఉంటే చాలదు, కోణం ఉండాలి. ముగ్గురూ ఒకే వరసలో నిలబడితే అది త్రిభుజం కాదు, క్యూ. మొదటివాడికి మూడోవాడు కనిపించడు, నడుమ ఉన్నవాడి వీపు కనిపిస్తుంది. ఇక్కడ ఒక్కడు రెండడుగులు పక్కకు జరిగితే చాలు, గీత విరిగి త్రిభుజం పుడుతుంది. ఆ రెండడుగులకు స్కోర్‌బోర్డు మీద చోటు లేదు, మరుసటి రోజు పేపర్లోనూ రాదు. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనవి ఆ రెండడుగులే.

పదకొండు మందిలో ఎన్ని త్రిభుజాలు వస్తాయో లెక్క కట్టవచ్చు. 165. వాటిలో చాలావాటితో పనేమీ లేదు. గోల్‌కీపరు, అవతలి చివర ఉన్న ఇద్దరు వింగర్లు, అంటే మైదానం అంచుల్లో ఆడే దాడి ఆటగాళ్లు, కలిసినా త్రిభుజమే, కానీ ఒకరినొకరు పిలుచుకోవాలంటే మైకు కావాలి. పనికొచ్చేవి బంతి చుట్టూ ఉండే నాలుగైదే. అవి కూడా రెండు సెకన్లు బతుకుతాయి. పాస్ వెళ్లగానే పాత త్రిభుజం చచ్చిపోతుంది, కొత్తదాన్ని కట్టాలి. అందుకే పాస్ ఇచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడినవాడిని చూస్తే కోచ్‌కు బీపీ పెరుగుతుంది. ఇచ్చాక కదలాలి. ఇచ్చిన చోటే నిలబడితే తనను కాసే డిఫెండర్‌కి తీరిక దొరికినట్టే.

దీన్ని నేర్పడానికి ఒక ఆట ఉంది, రోండో అంటారు. నలుగురు చుట్టూ, ఇద్దరు మధ్యలో. చుట్టూ ఉన్నవాళ్లు బంతిని ఒకటి రెండు టచ్‌లలో తిప్పాలి, మధ్యవాళ్లు దాన్ని లాక్కోవాలి. పోగొట్టినవాడు మధ్యలోకి రావాలి. జొహాన్ క్రైఫ్ కోచ్‌గా ఉన్న కాలం నుంచి బార్సిలోనా క్లబ్బులో ఇది రోజువారీ సాధన. ప్రపంచ కప్ గెలిచినవాళ్లు కూడా ఇందులో చిన్నపిల్లలైపోతారు. మధ్యలో ఉన్న ఇద్దరి మధ్య నుంచి బంతి దూరి అవతలికి పోయిందా, చుట్టూ ఉన్నవాళ్ల అరుపులు మైదానం దాటి వినిపిస్తాయి. ఆ అరుపులకు కారణం ఉంది. బంతిని చుట్టూ తిప్పడం సులువు. ఇద్దరు మనుషులను ఒక్క గీతతో దాటడం కష్టం. మ్యాచ్‌లో గోల్‌కి దారి తీసే పాస్ కూడా అలాంటిదే.

ఇప్పుడు పాస్ దిశల సంగతి. ఇది కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. అడ్డంగా ఇచ్చే పాస్ చూడటానికి చాలా సేఫ్‌గా ఉంటుంది. కానీ దాన్ని ఎవడైనా మధ్యలో అందుకుంటే, ఇచ్చినవాడూ తీసుకోవలసినవాడూ ఇద్దరూ ఒకే గీత మీద ఉన్నారు కాబట్టి ఇద్దరూ ఒక్క దెబ్బకు వెనకబడిపోతారు. ఇక నిలువు పాస్. ముందుకే వెళ్తుంది, బాగుంది. కానీ అందుకునేవాడు మనవైపు తిరిగి ఉంటాడు. గోల్ అతని వీపు వెనక ఉంది, డిఫెండర్ కూడా వీపు వెనకే ఉన్నాడు. మనిషికి వెనక కళ్లు లేవు కదా. అందుకే ఎక్కువసార్లు ఆ బంతి ఎలా వచ్చిందో అలాగే వెనక్కి వస్తుంది.

మిగిలింది ఐమూల పాస్. అది ఏకకాలంలో ముందుకూ వెళ్తుంది, పక్కకూ వెళ్తుంది. అందుకునేవాడు సగం తిరిగి నిలబడగలడు. ఒక కంటితో బంతిని, ఇంకో కంటితో గోల్‌ని చూస్తాడు. పొరపాటున పాస్ తెగినా, ఇచ్చినవాడు ఇంకా వెనకే ఉన్నాడు, ఆపడానికి ఒక మనిషి మిగిలాడు. కోచ్ పెప్ గార్డియోలా శిక్షణ మైదానం మీద అదనపు గీతలు గీయించి, ఒకే అడ్డవరసలో ముగ్గురికి మించి, ఒకే నిలువు వరసలో ఇద్దరికి మించి ఉండకూడదని నియమం పెట్టుకున్నది ఇందుకే. ఆ నియమం పాటిస్తే ఐమూలలు వాటంతటవే ఏర్పడతాయి. పక్కవాడు నా వరసలోకి వచ్చాడంటే నేను ఖాళీ చేయాలి. అద్దె ఇల్లు లాంటిదన్నమాట, ఓనరు రాగానే సామాను సర్దుకోవాలి.

ఈ త్రిభుజాలు ఆటతో పాటు పుట్టినవి కావు. 1863లో ఇంగ్లండ్‌లో రాసిన మొదటి నియమాల ప్రకారం బంతికి ముందున్న సొంత ఆటగాడు ఆటలో లేనట్టే. అంటే ముందుకు పాస్ ఇవ్వడమే కుదరదు. బంతి దొరికినవాడు తల వంచుకుని పరిగెత్తేవాడు, మిగతావాళ్లు వెనకాల గుంపుగా వచ్చేవాళ్లు. ఆఫ్‌సైడ్ అనే ఆ నియమం 1866లో సడలింది. అందుకునేవాడికీ గోల్‌కీ మధ్య ప్రత్యర్థులు ముగ్గురు ఉంటే చాలు, ముందుకు ఇవ్వవచ్చు అన్నారు. నియమం మారినంత త్వరగా అలవాటు మారదు కదా. 1872 నవంబర్ 30న గ్లాస్గోలో ఇంగ్లండ్, స్కాట్లాండ్ జట్లు మొట్టమొదటి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్ ఆడాయి. ఇంగ్లండ్ ఆటగాళ్లు ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు, ఎవరికి వాళ్లు బంతితో దూసుకుపోయే రకం. స్కాట్లాండ్ వాళ్లంతా క్వీన్స్ పార్క్ అనే ఒకే క్లబ్బు మనుషులు, ఒకరికొకరు పాస్ ఇచ్చుకోవడం అలవాటైనవాళ్లు. ఆట 0-0తో ముగిసింది. ఒక్క గోలూ లేని ఆ మ్యాచ్‌ని నేను చాలా గౌరవిస్తాను. బలంలో తక్కువైనవాళ్లు పక్కవాడిని నమ్ముకుంటే ఓడిపోనక్కర్లేదని అందులో తేలింది.

1925లో ఆఫ్‌సైడ్ నియమం మళ్లీ సడలింది. ముగ్గురు అన్నచోట ఇద్దరు అన్నారు. గోల్స్ వరదలా వచ్చాయి. దాన్ని తట్టుకోవడానికి ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్ జట్టును ఇంగ్లిష్ అక్షరాల ఆకారంలో నిలబెట్టాడు. ముందు ఐదుగురు డబ్ల్యూ, వెనక ఐదుగురు ఎమ్. ప్రతి ఒక్కరికీ అవతలి జట్టులో ఒక జోడీ. ఎవరు ఎవరిని కాయాలో చీటీ రాసి ఇచ్చినంత స్పష్టంగా ఉండేది.

ఆ చీటీ 1953 నవంబర్ 25న లండన్ వెంబ్లీ స్టేడియంలో, ఇంగ్లండ్-హంగరీ మ్యాచ్‌లో చిరిగిపోయింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్, అంటే అందరికన్నా ముందు నిలబడాల్సిన దాడి ఆటగాడు, హిడెగ్‌కుటి వీపు మీద తొమ్మిది నంబరే ఉంది, కానీ మనిషి ముందు నిలబడకుండా మిడ్‌ఫీల్డ్‌లోకి దిగిపోయాడు. అతన్ని కాయవలసిన ఇంగ్లండ్ ఆటగాడు హ్యారీ జాన్‌స్టన్ అవస్థ ఊహించండి. వెంట వెళ్తే తన వెనక పెద్ద గొయ్యి, వెళ్లకపోతే హిడెగ్‌కుటికి కావలసినంత తీరిక. జాన్‌స్టన్ చేతకానివాడేమీ కాదు. అతను నిలబడిన ఆకారం కాగితం మీద సరిగానే ఉంది, ప్రత్యర్థి కాగితం మీద నుంచి లేచి నడుచుకుంటూ వెళ్లిపోయాడు, అంతే. హిడెగ్‌కుటి మూడు గోల్స్ కొట్టాడు. హంగరీ 6-3తో గెలిచింది. బ్రిటిష్ దీవుల బయటి జట్టు చేతిలో ఇంగ్లండ్ సొంతగడ్డ మీద ఓడటం అదే మొదటిసారి.

గోల్ దగ్గరి కోణం గురించి ఒక మాట. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. పెనాల్టీ స్పాట్ దగ్గర, అంటే 11 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే రెండు స్తంభాల మధ్య దాదాపు 37 డిగ్రీల కోణం ఉంటుంది. అదే గోల్ గీత మీదే, పక్కన నిలబడి చూస్తే? సున్నా. రెండు స్తంభాలు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. ఆ సున్నా దగ్గరికి ప్రాణాలొడ్డి పరిగెత్తుకొచ్చిన వింగర్‌కి అక్కడి నుంచే కొట్టాలనిపిస్తుంది. పక్క వలకి తగులుతుంది, స్టేడియంలో సగం మంది గోల్ అనుకుని లేచి నిలబడతారు, మిగతా సగం వాళ్లని కూర్చోబెడతారు. అతను వెనక్కి, పెనాల్టీ స్పాట్ వైపు ఒక పాస్ ఇస్తే సున్నా కాస్తా 37 అవుతుంది. వెనక్కి ఇచ్చే పాస్ పిరికిదని అనుకునేవాళ్లకు నేను చూపించే ఉదాహరణ ఇదే.

మరి ఎన్ని పాస్‌లు ఇవ్వాలి? దీని మీద పెద్ద గొడవే జరిగింది. చార్లెస్ రీప్ అని బ్రిటిష్ వాయుసేనలో అకౌంట్స్ చూసే అధికారి ఒకాయన ఉండేవారు. 1950 మార్చి 18న స్విండన్ టౌన్ ఆట చూస్తూ, విసుగొచ్చి, రెండో సగంలో పెన్సిల్ పట్టుకుని ప్రతి కదలికనూ నోట్ చేయడం మొదలుపెట్టారు. తర్వాత దశాబ్దాల పాటు అలా రాస్తూనే ఉన్నారు. ఆయన ఓపికకు చేతులెత్తి నమస్కరించాలి. గోల్స్‌లో దాదాపు 80 శాతం మూడు లేదా అంతకన్నా తక్కువ పాస్‌ల తర్వాతే వస్తున్నాయని ఆయనకు తేలింది. కాబట్టి పాస్‌లు తగ్గించి బంతిని ముందుకు బాదండి అన్నారు. చాలామంది బాదారు. కానీ ఆయన పుస్తకాల్లోనే ఇంకో లెక్క ఉంది. దాడుల్లో 90 శాతానికి పైగా మూడు పాస్‌లు దాటకుండానే తెగిపోతున్నాయి. అంటే 90 పాళ్ల దాడుల నుంచి 80 పాళ్ల గోల్స్, మిగిలిన పది పాళ్ల లోపు దాడుల నుంచి 20 పాళ్ల గోల్స్. ఏది లాభమో చెప్పడానికి అకౌంటెంట్ అక్కర్లేదు.

అలాగని పాస్‌లు లెక్కబెట్టుకుంటూ కూర్చుంటే గోల్ వస్తుందా? 2018 జూలై 1న మాస్కోలో స్పెయిన్ జట్టు రష్యా మీద వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చింది. వాళ్లకు దక్కిన ఒకే ఒక్క గోల్ రష్యా డిఫెండర్‌కి తగిలి లోపలికి పోయినది. మ్యాచ్ 1-1 అయింది, పెనాల్టీల్లో స్పెయిన్ ఓడింది. ఆ ఆట మళ్లీ చూడండి. రష్యన్లు పెట్టె కట్టినట్టు నిలబడ్డారు. బంతి ఆ పెట్టె చుట్టూ ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి వెళ్లింది. ఇంటి చుట్టూ వెయ్యిసార్లు తిరిగి తలుపు తట్టనట్టు. పెట్టె లోపల త్రిభుజానికి మూడో శీర్షంగా నిలబడే మనిషి చాలాసేపు లేడు. లోపల నిలబడితే వీపు మీద దెబ్బలు తగులుతాయి, బంతి రావచ్చు, రాకపోవచ్చు. అయినా ఎవరో ఒకరు నిలబడాలి.

ఇప్పుడు ఒక వీడియో వేస్తాను, దానితో ముగిస్తాను. 1970 జూన్ 21, మెక్సికో సిటీలో ప్రపంచ కప్ ఫైనల్. బ్రెజిల్ ఇటలీ మీద 3-1తో ముందుంది. ఆట ముగియడానికి నాలుగు నిమిషాలు ఉంది. బ్రెజిల్ తన సగంలో బంతి తిప్పుతోంది. క్లొడొఆల్డో వరసగా ఇటాలియన్లను దాటేస్తాడు, అక్కడ చప్పట్లు కొట్టండి, తప్పులేదు. తర్వాత బంతి ఎడమ అంచున రివెలినో దగ్గరికి, అతని నుంచి ఝైర్జీన్యో దగ్గరికి వెళ్తుంది. ఝైర్జీన్యో మామూలుగా ఆడేది కుడి వింగ్‌లో. ఎడమకి వచ్చేశాడు. అతన్ని కాయవలసిన ఫకెట్టి కూడా పాపం అతని వెంటే వచ్చేశాడు. బంతి పెలే దగ్గరికి చేరుతుంది.

అక్కడ నేను వీడియో ఆపుతాను. అందరూ పెలే కాళ్ల వైపు చూస్తారు. మీరు చూడకండి. బ్రెజిల్‌కు కుడివైపు చూడండి. ఫకెట్టి వదిలి వచ్చిన చోటు అది, గడ్డి తప్ప ఏమీ లేదు. పెలే తొందరపడకుండా ఆ గడ్డి మీదికే బంతిని మెల్లగా దొర్లిస్తాడు. ఆ క్షణంలో అక్కడ మనిషి లేడు. మళ్లీ వీడియో నడిపిస్తాను, కార్లోస్ అల్బెర్టో ఎక్కడి నుంచి పరిగెత్తుకొస్తున్నాడో మీరే కనిపెట్టండి. అతను జట్టు కెప్టెన్, రైట్ బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్. ఈ దాడి మొదలైనప్పటి నుంచి ఈ క్షణం దాకా బంతిని ఒక్కసారి కూడా తాకలేదు.