రసాయనం తోలు కాలుస్తుందా? కుందేలు లేకుండా తేల్చేదెలా

(తెర మీద: జీడిపిక్కలు ఒలుస్తున్న చేతులు, దగ్గర నుంచి)

మన గంజాం వైపు గానీ, బోర్డర్ దాటి ఇచ్ఛాపురం, పలాస వైపు గానీ జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతులు చూశారా? వేళ్లు నల్లబడి, తోలు లేచిపోయి ఉంటాయి. పెంకులోని నూనెలో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ ఉంటాయి, తగిలితే బొబ్బలే. అందుకే ఆముదమో బూడిదో పూసుకుని పనికి కూర్చుంటారు.

ఇలాంటి ద్రవం చర్మాన్ని ఎంత పాడుచేస్తుందో ముందే తేల్చాలంటే ఒకప్పుడు కుందేలే దిక్కు. అమెరికాలో ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏలో పనిచేసిన జాన్ డ్రేజ్ 1944లో ప్రచురించిన పద్ధతి అది. తర్వాత వచ్చిన నిబంధనల ప్రకారమైతే వీపు మీద బొచ్చు తీసేసి, అర మిల్లీలీటరు రసాయనం పెట్టి, 4 గంటలు కట్టు కట్టి, ఆ పైన అవసరమైతే 14 రోజుల దాకా ఎరుపు, వాపు చూస్తూ మార్కులేస్తారు. కంటితో వేసే మార్కులు కదా, ఒకరు వేసినట్టు ఇంకొకరు వెయ్యరు. పైగా కుందేలు తోలు మన తోలు కాదు.

(తెర మీద: చిన్న గిన్నెలో పల్చటి తెల్లటి పొర)

ఇప్పుడు చేసేది వేరు. ఆపరేషన్లలో తీసేసిన మనిషి చర్మం నుంచి, దాత అనుమతితో, కణాలు తీసుకుంటారు. వాటిని ఒక పల్చటి పొర మీద పెంచుతారు, కింద పోషకద్రవం, పైన గాలి. గాలి తగిలేసరికి కణాలు వరసలు వరసలుగా పేరుకుని, పైన మన ఒంటి మీద ఉన్నట్టే గట్టి మృతకణాల పొర కడతాయి. అసలు కీలకం ఆ పొరే, రసాయనం ముందు దాన్ని దాటుకుని లోపలికి పోవాలి.

పైన రసాయనం వేసి, ఒక రకం నమూనాలోనైతే 3 నిమిషాలు ఒకసారి, గంట ఒకసారి ఉంచి కడిగేసి, ఎంటీటీ అనే పసుపు ద్రవం కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకి మారుస్తాయి. ఆ రంగును మిషన్ కొలుస్తుంది. 3 నిమిషాలకే సగం కంటే తక్కువ కణాలు మిగిలితే అది తోలును శాశ్వతంగా కాల్చేసే రకం. మంట పుట్టించి తగ్గిపోయే రకమా అన్నదానికి వేరే పరీక్ష: కడిగాక దాదాపు 42 గంటలు ఆగి కొలుస్తారు, సగం లేదా అంతకన్నా తక్కువ మిగిలితే అవును. మొదటిదానికి ఓఈసీడీ అనే దేశాల సంఘం 2004లో, రెండోదానికి 2010లో ఆమోదం ఇచ్చింది. మన దేశంలో సౌందర్య సాధనాలకి జంతు పరీక్షలు 2014లోనే నిషేధించారు.

ఇందులో చిక్కులూ ఉన్నాయి. జీడి పెంకు నూనె లాంటి ముదురు రంగు సరుకు వేస్తే దాని రంగే లెక్కని తప్పుదారి పట్టించొచ్చు, అందుకే రంగు ఎంత కలిసిందో విడిగా చూసి తీసేయాలి. అంతకన్నా పెద్ద చిక్కు, ఈ చర్మంలో రోగనిరోధక కణాలు లేవు, కాబట్టి ఎలర్జీ సంగతి ఇది చెప్పలేదు. దానికి వేరే పరీక్షలున్నాయి, రసాయనం ఒక చిన్న పెప్టైడ్‌కి, అంటే ప్రోటీన్ ముక్కకి, అతుక్కుంటుందా అని చూసేది అందులో ఒకటి. ఇక రోజూ కాస్త కాస్త తగులుతూ ఏళ్ల తరబడి పనిచేసే చేతికి ఏమవుతుందో ఒక్కసారి వేసి కడిగేసే ఈ పరీక్షలో కనపడదు.