బోంజూర్ చెప్పాకే బేరం

ఇవాళ ఇక్కడికి మూసారాంబాగ్ మీదుగా వచ్చాను. నిజాం కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు, 1798లో పోయాడు. 'ముస్యూ రేమోఁ' మన నోళ్ళలో నలిగి మూసారాం అయిందంటారు. బొబ్బిలి కథ విన్నవాళ్ళకి బుస్సీ దొర కూడా మూసా బూసీయే కదా. ముస్యూ అంటే అక్షరాలా 'నా దొర', మదామ్ అంటే 'నా దొరసాని'. ఆ దొరతనమంతా ఎప్పుడో అరిగిపోయింది. ఇప్పుడు ఫ్రాన్సులో బస్సు డ్రైవరూ ముస్యూయే, చేపలమ్మే ఆవిడా మదామే. మన 'ఏవండీ' లాంటిదన్నమాట.

మీలో చాలామంది చదువుకోడానికి అక్కడికి వెళ్తున్నారని చెప్పారు. వ్యాకరణం మీ టీచర్లు నాకంటే బాగా చెబుతారు. నేను మాత్రం ఎక్కువసేపు ఒకే మాట పట్టుకుని కూర్చుంటాను: బోంజూర్, అంటే ఫ్రెంచివాళ్ళ నమస్కారం.

ఫ్రాన్సు నైరుతి మూల తులూజ్ ఊళ్ళో నా మొదటి వారం. వీధి చివర రొట్టెల దుకాణం. చాక్లెట్ పెట్టి చుట్టిన రొట్టె ఒకటుంటుంది, పారిస్‌వాళ్ళు 'పాన్ ఓ షోకొలా' అంటారు, తులూజ్‌లో అలా అంటే ఎగాదిగా చూస్తారు, అక్కడ అది 'షోకొలాతీన్'. దారంతా వల్లె వేసుకుంటూ వెళ్ళి, 'ఉన్ షోకొలాతీన్, సిల్ వూ ప్లే' అన్నాను. చివరి ముక్కకి 'దయచేసి' అని అర్థం, కాబట్టి మర్యాదలో లోటేమీ లేదనే నా ధీమా. కౌంటర్ వెనకావిడ నన్ను చూసి 'బోంజూర్, ముస్యూ' అంది. వినపడలేదేమోనని మళ్ళీ రొట్టె అడిగాను. ఈసారి గొంతు పెంచి, ఒత్తి పలికింది: 'బోం-జూర్!' నా వెనక క్యూలో నలుగురు. మూడోసారికి బుర్ర వెలిగి 'బోంజూర్, మదామ్' అన్నాను. అప్పుడు కదిలింది ఆవిడ చెయ్యి.

చాలా రోజులు పొగరనుకున్నాను. తర్వాత అర్థమైంది. మనం కొట్టుకెళ్ళి 'అన్నా, అరకిలో కందిపప్పు' అంటాం. నమస్కారం పెట్టం, ఎవరూ తప్పు పట్టరు. ఎందుకంటే ఆ 'అన్నా'లోనే పలకరింపు ఉంది. మనకి వరసలు చేసే పని అక్కడ బోంజూర్ చేస్తుంది. అది లేకుండా సరుకు అడిగితే, మనిషిని వదిలేసి బల్లతో మాట్లాడినట్టే. నీస్‌లో ఒక కెఫే 2013లో సరదాగా బోర్డు పెట్టింది: 'ఒక కాఫీ' అంటే 7 యూరోలు, 'ఒక కాఫీ, దయచేసి' అంటే 4.25, 'బోంజూర్, ఒక కాఫీ, దయచేసి' అంటే 1.40.

డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములోకి అడుగుపెట్టినా గదిలోవాళ్ళందరికీ కలిపి ఒక బోంజూర్ పడెయ్యాలి. కానీ ఒక మనిషికి రోజుకి ఒకసారే. మధ్యాహ్నం మళ్ళీ ఎదురుపడి మళ్ళీ బోంజూర్ అంటే, పొద్దున తమని చూసిన సంగతే మర్చిపోయావా అన్నట్టు ఉంటుంది. అందుకని 'రెబోంజూర్' అంటారు, సోమరులు ఉత్త 'రె' అంటారు. సాయంత్రం ఆరు దాటితే బోన్‌సువార్. విడిపోయేటప్పుడు 'బొన్ జూర్నే', అంటే రోజంతా బాగా గడవాలని. 'బొన్ నుయీ' మాత్రం పడకెక్కే ముందు మాట, ఆఫీసు గుమ్మంలో అనకండి.

స్నేహితుల మధ్య 'సల్యూ'. కలిసినప్పుడూ అదే, వెళ్ళేటప్పుడూ అదే. ప్రొఫెసరుకి వద్దు. 'త్యు', 'వూ' అంటే మన నువ్వు, మీరు. ఆ గొడవ మీకు పుట్టుకతోనే తెలుసు, ఇంగ్లీషువాళ్ళ కంటే మీరే నయం. 'సా వా?' కూడా మనకి తేలికే. 'ఎలా ఉంది?' 'ఆఁ, నడుస్తోంది' అనుకుంటాం చూడండి, అదే. 'సా వా' అంటే 'నడుస్తోంది' అనే. ప్రశ్నా అదే మాట, జవాబూ అదే, రాగం ఒక్కటే మారుతుంది. మీ నడుంనొప్పి చరిత్ర ఎవరూ అడగడం లేదు.

ఇక బుగ్గలు ఆనించే 'బీజ్'. పారిస్‌లో రెండు, మోంపెలియేలో మూడు. ముందు ఏ బుగ్గో వాళ్ళకే ఒక్కోసారి తెలియదు, ముక్కులు గుద్దుకుంటాయి. 2020లో కరోనా వచ్చి దాన్ని చాలావరకు ఆపింది. మీరు చెయ్యి చాపండి, చాలు.

'ఓ ర్వార్' అంటే మళ్ళీ చూసుకునేదాకా. మనం 'వెళ్తా' అనకుండా 'వెళ్ళొస్తా' అంటామే, సరిగ్గా అదే భయం, అదే ఆశ. 'అద్యో' అలా కాదు: 'దేవుడికి అప్పగించా' అని, ఇక కలవమనుకున్నప్పుడు అనేది. అయితే మా మెట్ల మీద ఒక ముసలాయన రోజూ పొద్దున్నే నన్ను చూసి నవ్వుతూ 'అద్యో!' అనేవాడు. ఈయనకేమైనా జబ్బా, నాకేమైనా మూడిందా అని వారం రోజులు బెంగపడ్డాను. చివరికి ఇంటి ఓనరమ్మ చెప్పింది: ఆ నైరుతి ప్రాంతపు పాతవాళ్ళకి అద్యో అంటే వచ్చేటప్పటి పలకరింపు కూడానట. మర్నాడు నేనే ముందు అన్నాను. ఆయన మెట్ల మీద ఆగి, టోపీ తీసి, పావుగంట వాతావరణం గురించి మాట్లాడాడు.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి.