వెయ్యి రూపాయల కక్కుర్తి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగ కూర్చున్న మీకందరికీ దండాలు. శాలువా తర్వాత కప్పుదురు గాని సారూ, టైం తక్కువున్నది.

కవర్డ్ కాల్ అంటే ఏందని మొన్న ఒకాయన అడిగిండు. మన నల్లగొండోళ్లకు చెప్పుడు సులువే. బత్తాయి తోట మనది. ఒక వ్యాపారి బయానా ఇచ్చి, 'ఫలానా తారీఖుకు ఫలానా రేటుకు నాకే ఇయ్యాలె' అంటడు. మార్కెట్ పెరిగితే కాయ తీస్కపోతడు, పడితే అటు మొహాన చూడడు. బయానా మాత్రం మనదే. తోట జాగల షేర్లు పెట్టుండ్రి: ఆ మాట కాల్, బయానా ప్రీమియం, ఆ రేటు స్ట్రైక్, ఆ తారీఖు ఎక్స్‌పైరీ. ఇగ ఆ మాటను పైసలిచ్చి వెనక్కి ఎప్పుడు కొనాలె అన్నదే ఇయ్యాల్టి ముచ్చట. కాయితం మీద మూడు పాయింట్లు రాసుకొచ్చిన గాని, ముందు నా కథ వినుండ్రి.

820కి కొన్న షేరు, ఒక లాటు అంటే 500 షేర్లు. 900 స్ట్రైక్ కాల్ 16కు అమ్మిన. 8,000 వచ్చినయ్. ఎక్స్‌పైరీ ఇంకా పది రోజులుండంగనే ఆ కాల్ 2 రూపాయలకు దిగింది. వెయ్యి పెడితే బాకీ ఖతం, ఏడు వేలు జేబుల. ఆ వెయ్యి గుడ మిగుల్తదని కూసున్న! క్లాక్ టవర్ కాడ చాయ్ తాగుకుంట ఫోన్ తీస్తే, కంపెనీ రిజల్ట్స్ వచ్చినయ్. షేరు 948, కాల్ 55. షేర్లు పోతయన్న భయంతోని అక్కడనే కాల్ వెనక్కి కొనేసిన. 27,500. చాయ్ అట్లనే చల్లారింది. ఎక్స్‌పైరీ నాటికి షేరు 890! కదలకుంట కూసున్నా 8,000 నాయే. వీడియో తీసే తమ్మీ, ఈ ముక్క తీసెయ్యి, మా ఇంటామెకు ఇంకా చెప్పలే.

ఆ 55ల, 948ల 900 పోను 48 అసలు విలువ, మిగిలిన 7 టైం విలువ, ఎక్స్‌పైరీ నాటికి కరిగిపోయేది. 948కి ఈ షేరు కొత్తగ కొంటనా అని ఒక్కసారి అడుక్కోవాల్సింది. కొననంటే ఇచ్చెయ్యాలె. 900కు బయానా 16 కలిపి 916 పడ్తది, 820 మీద 48,000 లాభం. మన దగ్గర స్టాక్ ఆప్షన్లు 2011 నుంచి యూరోపియన్ తీరువి, ఎక్స్‌పైరీ దాకా ఎవ్వరూ గుంజుకోరు. 2019 అక్టోబర్ నుంచైతే అన్ని స్టాకులకూ డెలివరీనే, అంటే పైసలు గాదు షేర్లే ఇచ్చుడు, డీమ్యాట్‌ల షేర్లుంటే చాలు.

మిగిలిన పాయింట్లు ఎందుకు గాని, ఫోన్లు తీయుండ్రి. ప్రీమియంల ఎనభై శాతం చేతికొచ్చి, రిజల్ట్స్ ఇంకా ముందున్న, అమ్మిన కాల్ ఎవరి దగ్గరైన ఉన్నదా? ఇద్దరా? రేపు తొమ్మిదింబావుకు మార్కెట్ తెరవంగనే కొనేయుండ్రి. సారూ, ఇగ కప్పుండ్రి శాలువా.