ఎవరి సొమ్ముతో విందు: హెన్రీ ఫాసెట్

సభకు నమస్కారం.

1867లో టర్కీ సుల్తాన్ అబ్దుల్ అజీజ్ లండన్ వచ్చారు. ఆయన గౌరవార్థం, భారత పాలన చూసే బ్రిటిష్ ప్రభుత్వ శాఖ అయిన ఇండియా ఆఫీసులో కన్నులపండువగా నృత్యోత్సవం జరిపి, ఖర్చు భారతదేశ ఖజానా మీద రాశారు. అక్కడి దొరల వినోదానికి ఇక్కడి పేద కూలీ డబ్బు కట్టడమేమిటని పార్లమెంటులో నిలదీసిన సభ్యుడు హెన్రీ ఫాసెట్. బ్రైటన్ నుంచి గెలిచిన లిబరల్ పార్టీ సభ్యుడు. ఆయనకు చూపు లేదు.

1858లో, పాతికేళ్ల వయసులో, పక్షుల వేటలో తండ్రి తుపాకి గుళ్లు పొరపాటున తగిలి రెండు కళ్లూ పోయాయి. అయినా 1863లో కేంబ్రిడ్జిలో అర్థశాస్త్ర ఆచార్యుడయ్యారు, 1865లో పార్లమెంటుకొచ్చారు. లావుపాటి లెక్కల పుస్తకాలు ఎవరైనా చదివి వినిపించాల్సిందే. అలా విన్న అంకెలను మనసులో పెట్టుకుని భారత ఆర్థిక వ్యవహారాల మీద మంత్రులను ప్రశ్నించేవారు. భారతదేశంలో ఏనాడూ అడుగుపెట్టని ఆ మనిషికి ‘భారత సభ్యుడు’ అన్న పేరొచ్చింది. 1874లో బ్రైటన్‌లో ఓడిపోతే, మళ్లీ పోటీ చేయడానికి మనవాళ్లు చందాలు పోగుచేసి పంపారు. ఆ ఏడాదే హాక్నీ నుంచి గెలిచారు.

ఆయన బ్రిటిష్ పాలన పోవాలని అనలేదు. అది ఆయన పరిమితి, దాచిపెట్టకూడదు. కానీ పాలించేవాడు పాలితుడికి లెక్క చెప్పాలని పట్టుబట్టారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ ఆయన్ను పోస్ట్‌మాస్టర్ జనరల్, అంటే తపాలా శాఖ అధిపతి, చేశారు, క్యాబినెట్‌లో మాత్రం చోటివ్వలేదు. అప్పట్లో పోస్టాఫీసు పొదుపు ఖాతాలో కనీసం ఒక షిల్లింగు, అంటే 12 పెన్నీలు, వేయాల్సి ఉండేది. ఒక్కసారిగా అంత తీయలేని కూలివాళ్లున్నారు కదా! వాళ్ల కోసం 12 గళ్ల కాగితం ఇచ్చారు. చేతిలో పెన్నీ ఉన్నప్పుడల్లా ఒక స్టాంపు కొని అంటించాలి. గళ్లన్నీ నిండితే షిల్లింగు, అది ఖాతాలో జమ. సుల్తాన్ విందునాడు కూలీ తరఫున మాట్లాడిన మనిషికే ఈ కాగితం తట్టిందంటే నాకు ఆశ్చర్యం లేదు. 1883లో పార్సెల్ పోస్టు మొదలుపెట్టారు. తపాలా శాఖలో ఆడవాళ్లకు కొలువులు పెంచారు.

1884లో స్త్రీలకు ఓటు హక్కు ప్రతిపాదన వచ్చినప్పుడు ప్రభుత్వం వ్యతిరేకంగా ఓటెయ్యమంది. పదవిలో ఉండి కూడా ఆయన ఆ మాట వినలేదు, ఎటూ ఓటెయ్యకుండా ఉండిపోయారు. ఆ నవంబరులోనే, 51 ఏళ్లకు, పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన భార్య మిలిసెంట్ ఆ ఓటు కోసం ఆ తర్వాత దశాబ్దాల పాటు ఉద్యమం నడిపారు.